సన్‌రూఫ్ మీద కాదు, ఆ రెండో లివర్ మీద కొట్లాడండి

మహీంద్రా వాళ్ళ అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చిన దగ్గర్నుంచీ మా జీపు మిత్రులు రెండు పార్టీలుగా చీలిపోయారు. "ఇది జీపు కాదు, జీపు వేషం కట్టిన కారు" అని ఒక పార్టీ. "మీరింకా గుడ్డ టాపు కాలంలోనే ఆగిపోయారు" అని ఇంకో పార్టీ. ఆదివారం టీ కొట్టు దగ్గర మొదలైతే మధ్యాహ్నం భోజనాల దాకా ఇదే. సన్‌రూఫ్ ఎందుకు? తెల్ల సీట్లు ఎందుకు? ముందు జాలీకి ఏడు గీతలుండాల్సింది ఆరే ఉన్నాయేంటి? ఇన్నాళ్ళూ విని ఊరుకున్నాను. ఇక ఊరుకోలేక రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నేనెవరో చెప్పాలి. మాది పాడేరు దగ్గర పల్లె. నాన్న పాతికేళ్ళు సర్వీసు జీపు నడిపారు. వేలంలో కొన్న పాత ప్రభుత్వ జీపు అది, ఎంఎం 540, ప్యూజో డీజిల్ ఇంజను. వారపు సంత రోజున లోపల ఎంతమందో వెనక అంతమంది వేలాడేవాళ్ళు, పైన మిరియాల బస్తాలు, కాఫీ బస్తాలు, కోళ్ళ గంపలు. నేను ఇంటర్‌కి వచ్చేసరికే గేరు బాక్సు చప్పుడు విని ఏ గేరులో ఉందో చెప్పేవాణ్ణి. ఇప్పుడు విశాఖలో ఉద్యోగం చేసుకుంటున్నాను. నా దగ్గర 2016 థార్ సీఆర్‌డీఈ (కామన్ రైల్ డీజిల్ ఇంజను మోడల్) ఉంది. అమ్మే ఉద్దేశం లేదు. అంటే, పాత జీపు మీద ప్రేమ నాకు ఎవరూ నేర్పక్కర్లేదు.

అందుకే మొదటి పార్టీ వాళ్ళకి ముందు చెబుతున్నా. "అసలు జీపు" అని మీరు పట్టుకున్నది ఏది అన్నా? మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. తర్వాత ఎత్తు బానెట్ సీజే 3బీ, ఆ తర్వాత ఎంఎం 540, కమాండర్, మేజర్. మీరు దండం పెట్టే 2010 థార్ ఈ వరుసలో చివరికొచ్చింది. దాని ముఖం సీజేదే. కానీ కింద పడుకుని చూడండి. ఎంఎం 540కి ముందూ వెనకా గట్టి యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే ఇరుసు), నాలుగు చక్రాలకీ కమాన్ కట్టలు (ఇనప పట్టీలు పేర్చిన స్ప్రింగులు). 2010 థార్ సీఆర్‌డీఈకి కమాన్ కట్టలు వెనక మాత్రమే. ముందు వైపు టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగులా పనిచేసే కడ్డీలు, దేనికది విడిగా ఊగే చక్రాలు. రాళ్ళ మీద ఒక చక్రం పైకి లేస్తే రెండోది కిందికి నొక్కుకునే ఆ పాత గుణం ముందు చక్రాలకి అప్పుడే పోయింది. దానికి బదులు తారు రోడ్డు మీద నిలకడ వచ్చింది. అంటే మన "అసలు థార్" కూడా ఒక రాజీయే. ఆ రాజీని మనం కళ్ళకద్దుకున్నాం.

2020 అక్టోబరు 2న రెండో తరం వచ్చినప్పుడు వెనక కమాన్ కట్టలు కూడా పోయి కాయిల్ స్ప్రింగులు వచ్చాయి. నేల నుంచి 226 మి.మీ. ఎత్తు, 650 మి.మీ. లోతు నీళ్ళలో నడిచే శక్తి వచ్చాయి. గ్లోబల్ ఎన్‌క్యాప్ ఢీకొట్టే పరీక్షలో 4 స్టార్లు వచ్చాయి. నా 2016 బండిలో ఎయిర్‌బ్యాగు లేదు, బ్రేకు తొక్కినా చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ లేదు. "అవి ఉంటే మగతనం పోతుంది" అన్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా వానాకాలం ఘాట్‌లో ఒక సర్వీసు జీపు మలుపులో పల్టీ కొట్టింది. మా ఊరివాళ్ళు ఇద్దరు పోయారు. అందులో ఒకావిడ మా ఇంటికి రోజూ పాలు పోసేది. గుడ్డ టాపు ఎవర్నీ కాపాడలేదు. రాక్స్‌కి భారత్ ఎన్‌క్యాప్‌లో 5 స్టార్లు వచ్చాయంటే, ఆరు ఎయిర్‌బ్యాగులు కింది మోడల్ నుంచే ఉన్నాయంటే, నేను సంతోషిస్తాను. ఇందులో చర్చ లేదు.

అయిదు తలుపుల సంగతి కూడా అంతే. "జీపుకి అయిదు తలుపులేంటి, కుటుంబం కారులాగా" అంటారు. ఏజెన్సీలో జీపంటే ఏంటనుకుంటున్నారు? మాకు జీపు ఆదివారం ఆట బండి ఎప్పుడూ కాదు. పెళ్ళికూతురు జీపులో వచ్చేది. నెప్పులు మొదలైతే జీపులో దించేవాళ్ళు. శవం కూడా జీపులోనే ఊరు చేరేది. ఇద్దరు కూర్చుని, వెనక జెండా కట్టుకుని తిరగడం నిన్న మొన్న వచ్చిన సరదా. రాక్స్ వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2850 మి.మీ., మూడు తలుపుల థార్‌ది 2450. ఆ 400 మి.మీ. వల్ల మిట్ట దాటేటప్పుడు బండి కడుపు నేలకి తగిలే ప్రమాదం ఎక్కువన్నది నిజమే. కానీ వెనక సీట్లో మనుషులు ముందుకు చూస్తూ బెల్టు పెట్టుకుని కూర్చోవచ్చు. మొన్న మా బావమరిది రాక్స్‌లో ఊరికెళ్ళాం. మా అమ్మ ఘాట్ రోడ్డు మొత్తం నిద్రపోయింది. డెబ్బై దాటిన మనిషి, నడుం నొప్పి మనిషి. ఆ ఒక్క నిద్ర కోసం ఆ కొత్త వెనక సస్పెన్షన్ గీసిన ఇంజనీర్లకి నమస్కారం పెడతాను.

ఇంతవరకూ చదివి రెండో పార్టీ వాళ్ళు నన్ను తమ మనిషనుకుంటారేమో. ఆగండి.

నాన్న జీపులో గేరు రాడ్డు పక్కన ఇంకో లివర్ ఉండేది. ఇంజను బలం ముందు చక్రాలకి కూడా పంపేది, "లో"లో వేసేది అదే. లో వేస్తే చక్రం తిరిగే వేగం తగ్గుతుంది, లాగే బలం ఆ మేరకు పెరుగుతుంది. ఇప్పటి థార్‌లో దాదాపు రెండున్నర రెట్లు. ఇది తెలిసినవాళ్ళంతా ఎక్కడం గురించే మాట్లాడతారు. నాన్న దాన్ని ఎక్కువగా వాడింది దిగడానికి. "ఎక్కిన గేరులోనే దిగాలి" అన్నది ఘాట్ డ్రైవర్ల మాట. తారు రోడ్డుకి అది చాలు. కానీ కొండ మీద పల్లె నుంచి మట్టి బాటలో, వాన పడుతుండగా, పన్నెండు మందితో దిగాలంటే మొదటి గేరు కూడా పరుగెడుతుంది. బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని బండి జారుతుంది, తొక్కుతూనే ఉంటే వేడెక్కి పట్టు వదిలేస్తుంది. లోలో వేసి కాలు తీసేస్తే ఇంజనే బండిని పట్టుకుని, నడిచే మనిషి వేగంతో దింపుతుంది. "బ్రేకు మీద కాదురా, ఇంజను మీద దిగాలి" అనేవారు నాన్న. పాతికేళ్ళలో ఆయన జీపు ఒక్కసారి కూడా బాట తప్పలేదు.

నా దృష్టిలో జీపంటే ఇంతే. ఏడు గీతలు కాదు, గుండ్రటి లైట్లు కాదు, బానెట్ పక్కన కొక్కేలు కాదు. ఆ రెండో లివర్.

ఇప్పుడు దాని సంగతి చూద్దాం. 2020లో వచ్చిన థార్ అన్ని మోడళ్ళలోనూ ఫోర్ బై ఫోరే, అంటే ఆ లివర్‌తో నాలుగు చక్రాలకీ బలం వెళ్ళేదే. విడుదల రోజు కింది మోడల్ ధర 9.80 లక్షలు. వెనక ఎదురెదురు బల్లలున్న సాదా బండి, కానీ లివర్ ఉంది. 2023 జనవరిలో వెనక చక్రాల డ్రైవ్ థార్ వచ్చింది, 9.99 లక్షలకి. 2024 ఆగస్టులో రాక్స్ వచ్చింది, 12.99 లక్షల నుంచి. పెట్రోల్ రాక్స్‌లో ఫోర్ బై ఫోర్ అసలు లేదు. డీజిల్‌లో ఉంది కానీ కింది మోడళ్ళయిన ఎంఎక్స్ 1లో లేదు, ఎంఎక్స్ 3లో లేదు. ఎంఎక్స్ 5 నుంచి మొదలు, 18.79 లక్షలు. అన్నీ విడుదలప్పటి షోరూం ధరలే చెబుతున్నాను.

ఈ లెక్క కాస్త నిదానంగా చూడండి. అదే ఎంఎక్స్ 5 డీజిల్ మాన్యువల్, వెనక చక్రాల డ్రైవ్‌తో 16.99 లక్షలు. అంటే ముందు చక్రాలకి బలం పంపే సరంజామా మొత్తం ఖరీదు 1.80 లక్షలు. కింది మోడల్ ఎంఎక్స్ 1 డీజిల్ 13.99 లక్షలు. దానికి ఈ 1.80 కలిపితే 15.79. ఈ ధరకి ఫోర్ బై ఫోర్ రాక్స్ ఉండొచ్చు. కానీ లేదు. మిగతా 3 లక్షలు దేనికి? సన్‌రూఫ్, తోలులాంటి సీట్లు, అల్లాయ్ చక్రాలు, ఇంకా అలాంటివి. కొండ మీద పల్లెలో కాఫీ తోట ఉన్నవాడు బురదలోంచి బస్తాలు దింపుకోవాలంటే సన్‌రూఫ్ కూడా కొనాల్సిందే. సన్‌రూఫ్ వద్దు, లివర్ చాలు అంటే అమ్మరు.

నా కోపమంతా ఇక్కడే. సన్‌రూఫ్ పెట్టినందుకు కాదు, లివర్‌ని సన్‌రూఫ్ వెనక దాచినందుకు. మీరు మాత్రం సన్‌రూఫ్ జీపుకి అందమా కాదా అని నెలల తరబడి కొట్టుకుంటున్నారు.

"వెనక చక్రాల థార్ అసలు థారే కాదు" అని మొదటి పార్టీలో కొందరంటారు. అదీ ఒప్పుకోను. 2010 థార్‌లో కూడా డీఐ అనే పాత రకం డీజిల్ ఇంజనుతో రెండు చక్రాల డ్రైవ్ మోడల్ ఉండేది, మర్చిపోయారు. మా ఏజెన్సీలో తిరిగిన కమాండర్లలో చాలావాటికి ముందు చక్రాలకి బలం లేదు, డ్రైవర్ల నేర్పు మీద నడిచాయి. ఊళ్ళో తిరిగేవాడికి ఫోర్ బై ఫోర్ బరువు దండగ, డీజిల్ దండగ. వాడు వెనక చక్రాల బండి కొనుక్కుంటే నాకేం బాధ లేదు. కావాల్సినవాడికి కింది మెట్టు మీద దొరకాలి, అంతే నేనడిగేది.

"అలాంటి సాదా బండి అమ్ముడుపోదు, మారుతీ సుజుకీ జిమ్నీని చూడలేదా" అని మా వాడొకడు వాదన. మంచి ప్రశ్నే. సుజుకీ 2018లో కొత్త జిమ్నీ తెచ్చినప్పుడు ఛాసిస్ (బాడీ కింద విడిగా ఉండే ఇనప చట్రం) ఉంచింది, రెండు గట్టి యాక్సిళ్ళూ ఉంచింది, లివర్ ఉంచింది. మన దేశంలో 2023 జూన్‌లో అయిదు తలుపులతో వచ్చినప్పుడు రెండు మోడళ్ళలోనూ ఫోర్ బై ఫోర్, లో గేరు ఇచ్చింది, 12.74 లక్షల నుంచి. జనం కొనలేదు, నిజమే. కానీ కొననిది లివర్ ఉన్నందుకా? నలుగురే పట్టే ఇరుకు బండి, ఒకటిన్నర లీటరు పెట్రోల్ ఇంజను తప్ప వేరే దారి లేదు, డీజిల్ లేదు. రాక్స్‌కి ఆ లోటుల్లో ఒక్కటీ లేదు. 2024 అక్టోబరు 3న బుకింగులు తెరిచిన మొదటి గంటలో 1,76,218 మంది డబ్బు కట్టారు. అంత గిరాకీ ఉన్న బండిలో ఒక సాదా ఫోర్ బై ఫోర్ నిలబడదంటే నేను నమ్మను.

పెద్ద బళ్ళవాళ్ళు కూడా పాత బండిని మార్చేశారుగా అంటే ఒక మాట చెప్పాలి. ల్యాండ్ రోవర్ డిఫెండర్ 1948 నాటి బండికి వారసురాలు. పాత రూపం 2016 జనవరి 29న ఆగిపోయింది. 2019లో కొత్తది చూపించినప్పుడు ఇంగ్లండ్‌లో ఇదే గోల. ఛాసిస్ తీసేసి కారులాగా ఒకే ముక్క బాడీ చేశారని. అంతకుముందే, పాతది ఆగిపోయిందన్న బాధతో జిమ్ ర్యాట్‌క్లిఫ్ అనే బ్రిటిష్ పారిశ్రామికవేత్త పాత డిఫెండర్ పోలికలతో గ్రెనేడియర్ అని కొత్త బండే తయారుచేయించాడు. సరే, డబ్బున్నవాడి పంతం. కానీ కొత్త డిఫెండర్ 900 మి.మీ. నీళ్ళలో నడుస్తుంది, ఛాసిస్ పోయినా ఫోర్ వీల్ డ్రైవ్ ఉంది, లో గేరు పోలేదు. రూపం మార్చారు, పని మార్చలేదు. అందుకే ఆ గోల క్రమంగా చల్లబడింది.

కిందటి వానాకాలం మా ఊరి పైనున్న పల్లెకి నాలుగు బళ్ళలో వెళ్ళాం. ఒక స్నేహితుడి బండి, పేరెందుకులే, రెండు చక్రాల డ్రైవ్. ఎర్రమట్టి ఎక్కుడులో వెనక చక్రం ఒకటి గిర్రున తిరుగుతోంది, రెండోది కదలదు. రెండు చక్రాలకీ బలం పంచే డిఫరెన్షియల్ గుణమే అంత, బలమంతా పట్టు లేని చక్రానికే పోతుంది. రాళ్ళు వేశాం, కొమ్మలు వేశాం. చివరికి తాడు కట్టి నా బండిని లోలో వేసి లాగాను. ఆయన దిగి, చెప్పులకంటిన మట్టి గీక్కుంటూ, "కొనేటప్పుడు నాకు ఈ తేడా ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఎవరు చెబుతారు? మనలాంటివాళ్ళే చెప్పాలి. మనం తెల్ల సీట్ల మీద మరకల గురించి మాట్లాడుకుంటున్నాం.

కాబట్టి రెండు పార్టీలవాళ్ళకీ నా మాట ఒకటే. కంపెనీకి రాసేటప్పుడు, షోరూంలో సేల్స్ కుర్రాడు ఫోన్ నంబరు అడిగినప్పుడు, ఒక్కటే అడగండి. ఎంఎక్స్ 1 డీజిల్, ఇనప రిమ్ములు, రబ్బరు మ్యాటు, రెండో లివర్. తెల్ల సీట్ల మీద అంత గొడవ చేస్తే తర్వాత ముదురు రంగు సీట్లు తెచ్చారుగా. మన గొంతు వాళ్ళకి వినిపిస్తుందని దాంతో తేలిపోయింది.

మొన్నటి ప్రయాణంలోనే ఇంకొకటి జరిగింది. తిరిగి వచ్చేటప్పుడు ముందు సీట్లో మా బావమరిది పక్కన నాన్న కూర్చున్నారు. ఘాట్ దిగడం మొదలవగానే ఆయన చెయ్యి తనంతట తానే గేరు రాడ్డు పక్కకి వెళ్ళింది. అక్కడ లివర్ లేదు, సామాన్లు పెట్టుకునే చిన్న గూడు ఉంది. "దీనికి లో లేదా బాబూ?" అన్నారు. "పై మోడల్‌లో ఉంది మావయ్య గారూ" అన్నాడు వాడు. నాన్న ఇంకేం మాట్లాడలేదు. కాసేపు ఆగి కళ్ళజోడు తీసి ఆ గూట్లో పెట్టుకున్నారు.