రోగి పక్కన ఉండే తీరిక దక్కాలి

ఆస్పత్రులకు వచ్చేవాళ్లు పెరుగుతున్నారు, చూసేవాళ్లు చాలడం లేదు. 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు 60 ఏళ్లు పైబడినవారే ఉంటారని, అప్పటికి కోటి మందికి పైగా వైద్య సిబ్బంది కొరత ఏర్పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. డాక్టరైనా, నర్సయినా తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. ఉన్నవాళ్ల సమయం ఎక్కడ పోతోందో ముందు చూసుకోవాలి.

నైట్ డ్యూటీ నర్సు బీపీ చూసి చేతిలోని చీటీ మీద రాసుకుంటుంది. తర్వాత కేస్ షీట్‌లో ఎక్కిస్తుంది. కంప్యూటర్ ఖాళీ అయ్యాక అవే అంకెలు మళ్లీ టైప్ చేస్తుంది. ఈలోగా పక్క బెడ్ దగ్గర సెలైన్ అయిపోయి పంపు మోగుతూనే ఉంటుంది. డాక్టర్ల పరిస్థితీ అంతే. రోగితో గడిపే ప్రతి గంటకూ దాదాపు రెండు గంటలు కంప్యూటర్ రికార్డులకూ, కాగితాల పనికీ పోతున్నాయని అమెరికా క్లినిక్‌లపై 2016లో వెలువడిన అధ్యయనం తేల్చింది. పని తగ్గించడానికి తెచ్చిన టెక్నాలజీ కొత్త చాకిరీ నెత్తిన పెట్టింది.

అలాగని దాన్ని వద్దనలేం. బీపీ మెషిన్ నుంచి రీడింగ్ నేరుగా రికార్డులోకి వెళ్తే ఆ మూడు రాతల శ్రమా తప్పుతుంది. స్వీడన్‌లో 80 వేల మందికి పైగా మహిళలతో జరిపిన ట్రయల్‌లో, మామోగ్రామ్‌లు (రొమ్ము క్యాన్సర్‌ను పట్టుకోవడానికి తీసే ఎక్స్‌రేలు) చదవడానికి ఏఐ సాయం తీసుకుంటే రేడియాలజిస్టుల పరిశీలన భారం 44 శాతం తగ్గింది. క్యాన్సర్లను పట్టుకోవడంలో మాత్రం వెనకబడలేదు. ఇలా పరీక్షకు నిలిచిన పరికరాలకే ఆస్పత్రుల్లో చోటుండాలి.

సిస్టమ్ ఆగిపోయే రోజూ వస్తుంది. 2017 మేలో కంప్యూటర్లకు తాళం వేసి డబ్బు డిమాండ్ చేసే వాన్నాక్రై వైరస్ దాడితో బ్రిటన్ ఆస్పత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు, కొన్ని ఆపరేషన్లు రద్దయ్యాయి. స్క్రీన్ లేకుండా వార్డు నడపడం సిబ్బందికి ముందే అలవాటు చేయాలి.

పరికరాలు కొనే నిర్ణయం ఆఫీసు గదిలోనే జరిగిపోకూడదన్నది మా అభిప్రాయం. రోజూ వాడాల్సిన నర్సులు, టెక్నీషియన్లు వార్డులో కొన్ని వారాలు వాడి చూసి సరేనన్నాకే డబ్బు చెల్లించాలి. కొత్త స్క్రీన్ వచ్చిన రోజే పాత రిజిస్టర్ తీసేయాలి. ముఖ్యంగా, మిగిలిన సమయాన్ని సాకుగా చూపి పోస్టులు కోయకూడదు. మానిటర్ అలారం మోగించగలదు గానీ, ఊపిరాడని మనిషిని లేపి కూర్చోబెట్టడానికి ఒకరు పరుగెత్తుకెళ్లాల్సిందే. ఖాళీ పోస్టుల భర్తీకీ, కొత్త పరికరాలకూ ఒకే బడ్జెట్‌లో, ఒకేసారి నిధులు కేటాయించాలి.