గజాలు సరే, గడువు మాటేమిటి?

అమరావతి భూసమీకరణ (రాజధానికి రైతులు భూమి ఇచ్చి, బదులుగా ప్లాట్లు తీసుకునే పద్ధతి) ప్రస్తావన ఎప్పుడొచ్చినా మాట ఎకరాకు ఎన్ని గజాలన్న దగ్గరే ఆగిపోతుంది. ఎకరా అంటే 4,840 గజాలు. 2015 జనవరి నిబంధనల ప్రకారం పట్టా మెట్టకు ఎకరాకు 1,000 గజాల నివాస ప్లాటు, 250 గజాల వాణిజ్య ప్లాటు. జరీబుకైతే (నది దగ్గర నీటి వసతితో ఏటా పలు పంటలు పండే భూమి) వాణిజ్యం 450. అంటే రైతుకు తిరిగొచ్చేది మెట్టకు దాదాపు 26 శాతం, జరీబుకు 30.

అహ్మదాబాద్‌లో 1976 నాటి గుజరాత్ చట్టం కింద టౌన్ ప్లానింగ్ స్కీములు వేస్తే రోడ్లకు, పార్కులకు, అమ్మకానికి కలిపి తీసుకునేది సుమారు 40 శాతం. మిగతాది సొంతదారుదే. అయితే అమరావతిలో ప్రభుత్వం ఇస్తున్నట్టు అక్కడ ఏటా కౌలు ఇవ్వరు, పైగా పెరిగిన విలువలో సగం దాకా అతని దగ్గరే వసూలు చేస్తారు. కాబట్టి శాతాలు పక్కపక్కన పెడితే ఏదీ తేలదు.

అసలు తేడా స్వాధీనంలో ఉంది. అక్కడ కొత్త ప్లాటు వీలైనంతవరకు పాత పొలంలోనో దాని పక్కనో వస్తుంది. ముసాయిదా ఆమోదం పొందగానే రోడ్డు జాగా వరకు తీసుకుని పని మొదలెడతారు. తుది స్కీము ఏళ్ల తరబడి సాగుతుంది (గుజరాత్ నమూనాకు అదో పెద్ద జబ్బు), అయినా ఈలోగా భూమి రైతు చేతిలోనే ఉంటుంది. ఇక్కడ అమరావతిలో 9.3 నంబరు ఫారంలో అంగీకార పత్రం, ఆపైన 9.14 నంబరు ఫారంలో ఒప్పందం మీద సంతకం పెడితే ఎకరా మొత్తం వెళ్లిపోతుంది. బదులుగా లాటరీలో ఒక ప్లాటు నంబరు వస్తుంది. రోడ్డు, డ్రైను, కరెంటు వచ్చేదాకా అది నంబరే. 2013 భూసేకరణ చట్టమైతే పూర్తి పరిహారం చెల్లించాకే స్వాధీనం అంటుంది.

2019లో ప్రభుత్వం మారి పనులు ఆగాయి. 3 నెలల్లో ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వమని 2022 మార్చిలో హైకోర్టు చెప్పినా జరగలేదు. 2024లో పనులు మళ్లీ మొదలెట్టడానికి ముందు కంపచెట్లు కొట్టించాల్సి వచ్చింది. జరీబు కౌలు ఎకరాకు 50,000తో మొదలై ఏటా 5,000 పెరుగుతూ పదో ఏట 95,000కు చేరుతుంది. పదేళ్లకు మొత్తం 7.25 లక్షలు. ఇది పోయిన పంటకు బదులు. ప్లాటు ఆలస్యమైనందుకు అందులో ఒక్క రూపాయీ లేదు. కొత్తగా సమీకరణ చేస్తే ఒప్పందంలో ముందు చేర్చాల్సింది ఆ నిబంధనే: గడువు దాటిన ప్రతి ఏడాదికీ కౌలు ఎంత పెరగాలో అంకెల్లో రాయాలి.

కౌలు అన్న పేరుతో వచ్చే ఈ డబ్బంతా పట్టాదారుకే. నిజంగా కౌలుకు చేసినవాడు భూమిలేని కుటుంబంగా నమోదైతే, నెలకు 2,500తో మొదలైన పింఛనే అతని వాటా.