బ్లీచింగ్ ముగ్గు

నెల్లూరు జిల్లాలో కార్తీకమాసపు వానలు వెలిశాయని తెలుసుకోవడానికి ఆకాశం వైపు చూడనక్కరలేదు. రోడ్డుకు రెండు వైపులా తెల్లగీతలు పడ్డాయేమో చూస్తే చాలును. పెన్నా ఒడ్డున ఉన్న మా ఊరికి మొన్న ఒక పెద్ద అధికారి వస్తున్నారని కబురందిన గంటలోనే 25 కిలోల బ్లీచింగ్ పౌడరు బస్తాలు రెండు దిగాయి. అప్పటికి వారం రోజులుగా వీధిలో చీలమండల లోతు బురద ఉన్నది. దాని జోలికి ఎవరూ పోలేదు; దాని అంచున మాత్రం బహు శ్రద్ధగా గీత గీయించారు.

గీత అందాన్ని ఒప్పుకోక తప్పదు. బస్టాండు వద్ద బయలుదేరి, రచ్చబండను చుట్టి, కారు ఆగవలసిన చోట కొంచెం వెడల్పై, అధికారి నడవబోని సందు మొదట్లో టక్కున ఆగిపోయింది. మా ఊరి క్రిములు పర్యటన వివరాలు ముందే తెప్పించుకొని, ఆ దారి పొడవునా స్వాగతానికి బారులు తీరతాయని పారిశుద్ధ్య శాస్త్రం నిర్ధారించినట్లున్నది. కారు వచ్చింది. చక్రాల గాలికి గీత లేచి, మేఘమై, అందరి ముక్కుల్లోకి దూరింది. పూలదండలు పట్టుకున్న పెద్దలు దండలతోనే దగ్గారు. అధికారి జేబురుమాలు అడ్డం పెట్టుకొని, ఏర్పాట్లు బాగున్నాయని తల ఊపారు; ఫొటోలు తీశారు. ఒక పంది మాత్రం బురదలోంచి గీత మీదికి, గీత మీద నుంచి బురదలోకి నాలుగుసార్లు దర్జాగా తిరిగింది. బియ్యప్పిండి ముగ్గయితే చీమల కడుపైనా నిండేది.

నేరం పొడిది కాదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవాలను కోసి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చే డాక్టర్ల చేత ఈ జాతి పొడి కలిపిన నీళ్లతోనే చేతులు కడిగించాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన ఆ వార్డులో, జూన్ నాటికి చావులు నూటికి 2కు దిగాయి. పాపం, ఆయన నీళ్లలో కలిపాడు. వార్డు గుమ్మం ముందు గీత గీసి ఊరుకుంటే తోటి వైద్యులు అంతగా ఈసడించేవారు కారేమో.

ఈ పొడి నీళ్లలో కరిగితే పుట్టే హైపోక్లోరస్ ఆమ్లమే క్రిములను చంపుతుంది. బురద, పేడ తగిలితే ఆ బలమంతా వాటి మీదే ఖర్చయిపోతుంది కనుక, ముందు ఊడ్చి కడగాలి. తాజా పొడిలో నూటికి 33 పాళ్లు క్లోరిన్ ఉంటుంది. మూతి విప్పి చెమ్మలో పెట్టిన బస్తాలో చివరికి సున్నమే మిగులుతుంది. మంచి పొడి అయితే వెయ్యి లీటర్ల బావినీటికి 2.5 గ్రాములు చాలు: ముద్దగా కలిపి, నీళ్లు పోసి, పైన తేరిన నీటిని బావిలో కలియబెట్టి, గంటసేపు ఎవరూ తోడకుండా ఆగాలి. ఈ లెక్కన ఒక్క బస్తా కోటి లీటర్లకు వస్తుంది. మా ఊరి మంచినీటి బావి ఎక్కడున్నదంటే, గీత ఆగిపోయిన ఆ సందులోనే ఉన్నది.

గీత గీసిన ఆమెను, "అమ్మా, కాస్త ఆ బావిలో కలపరాదా?" అని అడిగాను.

"నీళ్లలో కలిపితే కనపడదు గదా సామీ! కనపడకపోతే ఏసినామని ఎవురు నమ్ముతారు?" అన్నది.

అంటూ చేతులు దులుపుకొన్నది. తొడుగులు లేవు. అరచేతుల తోలు పొరలు పొరలుగా లేచి, వేళ్ల సందుల్లో ఎర్రగా పగిలి ఉన్నది. ఇక్కడ నాకు నవ్వు రావడం లేదు. రెండు బస్తాలు మట్టిపాలు చేయడానికి డబ్బున్నది, ఫొటోగ్రాఫరుకు డబ్బున్నది, ఆ ఆడమనిషి చేతులకు ఒక జత రబ్బరు తొడుగులు కొనడానికి లేదా? సందులో ఇంటికొకరు వాంతులు, విరేచనాలతో పడి ఉంటే, వాళ్ల బావిని వదిలేసి రోడ్డుకు సున్నం కొట్టించిన వాళ్లకు సిగ్గన్నది ఉన్నదా?

పై అధికారులకు నా విన్నపం ఒక్కటే. ఈసారి పర్యటన కార్యక్రమంలో "సదరు బావి నీరు ఒక గ్లాసు సేవించెదరు" అని ఒక్క పంక్తి చేర్చి పంపండి. 2.5 గ్రాముల లెక్క మా వాళ్లకు ఆ సాయంత్రమే వచ్చేస్తుంది.