మల్లెపై మమకారాన్ని నేరంగా ప్రకటించాలి

పూయని మల్లెపాదు ఉన్న ఇంట్లో తప్పకుండా ఒక దయామయుడు ఉంటాడు. పూటకో చెంబెడు నీళ్లు, వడగట్టిన టీపొడి, పండక్కి గుప్పెడు యూరియా. ఇలాంటివారిని కట్టడి చేయడానికి ప్రభుత్వం వచ్చే సమావేశాల్లోనే ‘మల్లె మమకార నిషేధ బిల్లు’ పెట్టాలి. ముసాయిదా మా దగ్గర సిద్ధంగా ఉంది.

మొదటి సెక్షన్ నీళ్లది. డిసెంబరులో నేలమల్లెకు రెండు మూడు వారాలు చుక్క నీరు పోసినా నేరమే. ఆకు వాడిపోవాలి. కుండీ మల్లెకు ఐదారు రోజుల బెట్ట చాలు, అంతకు మించితే హత్యానేరం.

రెండోది అసలైనది. ఆకు దూసి, జనవరిలోగా కొమ్మల్ని నేలకు 45–50 సెంటీమీటర్ల ఎత్తున కత్తిరించాలి. మల్లె మొగ్గ తొడిగేది కొత్త చిగుళ్ల కొసన. పాత కొమ్మను ముద్దు చేస్తే ఆకులే మిగులుతాయి. తోటల్లో ఆకు తీసే పని గొర్రెలకు అప్పగిస్తారు. గొర్రెను లిఫ్టులో ఎక్కిస్తామంటే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోదు గనుక మేడమీదివాళ్లు చేత్తోనే దూసుకోవాలి.

కత్తిరించాక మాత్రం దయ చూపవచ్చు. నేలలోని పెద్ద పాదుకు 10 కిలోల చివికిన పశువుల ఎరువు, తర్వాత నిండుగా నీరు. రోజుకు ఆరు గంటల ఎండ తగలాలి. ఏసీ డబ్బా వెనక పెట్టి ‘వెలుతురు వస్తోంది కదా’ అనే వాదన చెల్లదు. యూరియా ఒక్కటే గుప్పితే తీగ సాగుతుంది, మొగ్గ రాదు. పాలూ చక్కెరా కలిసిన టీపొడికి వచ్చేది చీమలే.

దిష్టి తగిలిందన్న సాక్ష్యం కోర్టులో నిలవదు. ఈనెలు పచ్చగా ఉండి లేతాకు పాలిపోతే అది ఇనుము లోపం, సున్నం ఎక్కువున్న బోరునీళ్ల పుణ్యం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), చిటికెడు నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారానికోసారి చల్లాలి. మొగ్గలు ఊదారంగుకు తిరిగి ఎండిపోతుంటే మొగ్గ ఈగ పని. వాటిని తుంచి తగలబెట్టాలి. పాదులోనే రాల్చితే పురుగు ఆ మట్టిలోనే కోశస్థ (ప్యూపా) దశ గడిపి మళ్లీ లేస్తుంది. గుమ్మడికాయ కట్టినంత మాత్రాన అది జడవదు.

ఇక కోత. మొగ్గ తెల్లబడి, ఉబ్బి, విచ్చకముందే, ఎండెక్కకముందే కోయాలి. ‘పాపం, చెట్టునే ఉండనీ’ అన్నవారికి బెయిలు లేదు.