గట్టిగా ఉండాలంటే ఏం చెయ్యాలి?

మా అమ్మాయికి పదకొండేళ్లు. ఆ రోజు ఈత పోటీ. గాగుల్స్ నుదుటి మీదికి తోసుకుని, టవల్ చుట్టుకుని బెంచీ మీద వణుకుతూ కూర్చుంది. చలికి కాదు, ఇంకా నీళ్లలో దిగనే లేదు. కిందటి పోటీలో ఆఖరున వచ్చింది, ఆ సంగతి మనసులోంచి పోలేదు. తండ్రులందరూ అనే మాటే నేనూ అన్నాను: "ఏం కాదమ్మా, గట్టిగా ఉండాలి."

"గట్టిగా ఉండాలంటే ఏం చెయ్యాలి నాన్నా?" అంది.

వెటకారం కాదు, నిజంగానే అడిగింది. నేను నీళ్లు నమిలాను.

నిజమే కదా. "ధైర్యం తెచ్చుకో", "టెన్షన్ పడకు" అని ఇంట్లో అంటాం, ఆఫీసులో అంటాం. విన్నవాళ్లు లేచి ఏం చెయ్యాలో మాత్రం ఆ మాటల్లో ఎక్కడా ఉండదు. మనోబలం కొందరికి పుట్టుకతో వచ్చిన ఆస్తి అన్నట్టు మాట్లాడతాం. నాకు అలా అనిపించదు. "నేను ఒకటి చేస్తే పరిస్థితి కాస్తయినా కదులుతుంది" అని ఎప్పుడో ఒకసారి ఒంటికి తెలిసి ఉండాలి. ఆ తెలిసినదే తర్వాత పనికొస్తుంది.

1967లో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మేయర్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు కుక్కల మీద ఒక ప్రయోగం చేశారు. చదువుతుంటే కడుపులో తిప్పుతుంది, అయినా చెప్పక తప్పదు. కొన్ని కుక్కలకు కరెంటు షాక్ తగిలినప్పుడు తల పక్కనున్న పలక నొక్కితే షాక్ ఆగిపోయేది. ఇంకొన్నిటికీ అంతే షాక్, అంతే సేపు. కాని పలక ఎంత నొక్కినా లాభం లేదు. మర్నాడు వాటిని మధ్యలో చిన్న అడ్డుగోడ ఉన్న పెట్టెలో పెట్టారు. గోడ దూకితే చాలు, షాక్ తప్పించుకోవచ్చు. పలక పనిచేసిన కుక్కలు దూకాయి. పలక పనిచెయ్యని వాటిలో ఎక్కువ భాగం దూకడం మాని అక్కడే పడి ఉన్నాయి. రెండింటికీ తగిలిన దెబ్బ ఒకటే!

నిస్సహాయత కూడా నేర్చుకుంటే వచ్చేదేనని అప్పట్లో తేల్చారు. దాదాపు యాభై ఏళ్ల తర్వాత, 2016లో, మెదడు లోపల జరిగేది గమనించాక అదే ఇద్దరూ తమ మాటను తామే తిరగేశారు. బాధ ఎక్కువసేపు సాగితే చతికిలబడటం మెదడుకు సహజమట, దాన్ని ఎవరూ నేర్పనక్కర్లేదు. నేర్చుకునేది "ఇక్కడ నా చేతిలో ఏదో ఉంది" అన్న సంగతి. నుదుటి వెనకనున్న మెదడు భాగం ఆ సంగతి పసిగట్టి, ఆ చతికిలబాటును అణచి ఉంచుతుంది. ముందే ఒకసారి తప్పించుకున్న అనుభవం ఉన్న కుక్కలు, తర్వాత ఏం చేసినా ఆగని షాకులు తగిలినా అలా కుంగిపోలేదు. (సగం జీవితం నిలబెట్టిన సిద్ధాంతం తలకిందులైందని తామే రాయడానికి ఎంత గుండె కావాలో!)

ఇది చదివినప్పుడు నాకు ఒక మంగళవారం గుర్తొచ్చింది. తొమ్మిదింటికి మీటింగ్ అన్నారు, తొమ్మిదిన్నరకల్లా నా ఉద్యోగం పోయింది. పన్నెండేళ్లు చేసిన చోటు. లాప్‌టాప్ మూసేసి ఇంట్లో నా టేబుల్ సొరుగు సర్దడం మొదలుపెట్టాను. ఎండిపోయిన పెన్నులు, ఏ ఫోనువో తెలియని ఛార్జర్లు. నాలుగు వైర్లు చిక్కుపడి ఉంటే ఇరవై నిమిషాలు కూర్చుని విడదీశాను. మా ఆవిడ గుమ్మంలోంచి చూసి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. మతి పోయిందనుకుంది కాబోలు. ఆ సొరుగు అయ్యాకే ఒక స్నేహితుడికి ఫోన్ చెయ్యగలిగాను. మర్నాడు రెజ్యూమె తెరిచాను. మళ్లీ ఉద్యోగం దొరకడానికి ఏడు నెలలు పట్టింది, అందులో మూడో నెల ఊసు ఇప్పటికీ ఎత్తను. కాని ఆ రోజు నేను నొక్కితే పనిచేసిన పలక ఆ సొరుగు ఒక్కటే.

ఇక్కడే ఆఫీసులతో నాకు పేచీ. పని రెట్టింపు చేస్తారు, ఎలా చెయ్యాలో కూడా వాళ్లే చెబుతారు, ఆపైన శుక్రవారం మధ్యాహ్నం ఒత్తిడిని తట్టుకోవడం మీద ఒక గంట క్లాసు పెడతారు. లండన్‌లో 1985లో మొదలై, పదివేలకు పైగా ప్రభుత్వోద్యోగులను ఏళ్ల తరబడి గమనించిన వైట్‌హాల్ అధ్యయనం ఒకటుంది. తమ పనిలో తమ మాట చెల్లని వాళ్లకే గుండెజబ్బు ముప్పు ఎక్కువని అందులో తేలింది. అలాంటి వాళ్లను గట్టిపడమంటే, పనిచెయ్యని పలకను ఇంకా గట్టిగా నొక్కమన్నట్టే. గడువు పెట్టేముందు చేసేవాణ్ని ఒక్క మాట అడగండి. ఏది ముందు చెయ్యాలో అతన్నే ఎంచుకోనివ్వండి. క్లాసు సంగతి తర్వాత చూద్దాం.

పళ్లు బిగించి భరించడమే గట్టితనం అనేవాళ్లూ ఉన్నారు. 2021లో టోక్యో ఒలింపిక్స్ టీమ్ ఫైనల్లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్‌కు గాలిలో తిరుగుతుండగా తన ఒళ్లు ఎటుందో తనకే తెలియకుండా పోయింది. జిమ్నాస్టిక్స్‌లో అలా జరిగితే మెడ విరగొచ్చు. తప్పుకుంది. పిరికిదన్నారు, జట్టును ముంచిందన్నారు. వారం తిరిగేసరికి, దిగే తీరును మెలికలు తిరగనక్కర్లేకుండా మార్చుకుని, బ్యాలెన్స్ బీమ్ అనే సన్నటి దూలం మీద కాంస్యం తెచ్చుకుంది. 2024లో పారిస్‌లో మూడు స్వర్ణాలు, ఒక రజతం. లోకమంతా చూస్తుండగా "ఇది ఈరోజు నా వల్ల కాదు, అది అవుతుంది" అని విడదీసుకోవడం ఉంది చూశారూ, పళ్లు బిగించడం దాని ముందు తేలికే.

వారాల తరబడి నిద్ర పట్టక, మంచం దిగబుద్ధి కాకపోతే మాత్రం సొరుగులు సర్దితే తీరదు. డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. ఆ మూడో నెలలో నేనూ వెళ్లాను.

ఆ రోజు బెంచీ మీద నాకు ఇవేవీ తోచలేదు. నోటికొచ్చింది చెప్పాను: "దూకిన దగ్గర్నుంచి నీ బారలు లెక్కపెట్టు. పక్కవాళ్లను చూడకు." విజిల్ మోగింది, దూకింది. ఎనిమిది మందిలో ఆరోది. జుట్టులోంచి నీళ్లు కారుతుండగా నా దగ్గరికి వచ్చి, "పంతొమ్మిది దాకా లెక్కపెట్టాను నాన్నా, తర్వాత మర్చిపోయి ఈదేశాను" అంది. టవల్ కప్పాను. వణుకుతూనే ఉంది, ఈసారి చలికి.