లాకు అంటే తాళం ఒక్కటేనా?

పిల్లలకి ఇంగ్లీషు మాటలు పట్టికలు వేసి బట్టీ పట్టించే పద్ధతి నాకు అస్సలు నచ్చదు. లాక్ అంటే తాళం. పదిసార్లు రాయి, అప్పజెప్పు, మార్కు తెచ్చుకో. అంతే, ఆ మాట పని అయిపోయింది!

మన గోదావరి జిల్లాల్లో కాలువ గట్టున పెరిగే పిల్లాడికి ఆ మాట బడికి వెళ్ళకముందే తెలుసు. ‘లాకుల దగ్గర దిగుతాం’ అని పెద్దవాళ్ళు బస్సులో చెబుతుంటే వింటూనే ఉంటాడు. లాకులంటే కాలువ నీళ్ళని తలుపులతో ఆపి, వదిలే కట్టడాలు. ఆత్రేయపురం వైపు వెళ్తే లొల్ల లాకులు ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలు చేలకి నీళ్ళివ్వడమే కాదు, పడవలకీ దారులయ్యాయి. డెల్టా అంతా సముద్రం వైపు వాలు. అందుకని కాలువ అక్కడక్కడా మెట్టు దిగుతుంది. మరి పడవ దిగేదెలా? లాకులోకి పడవ రాగానే వెనక తలుపులు మూసేస్తారు. లోపలి నీళ్ళు మెల్లగా వదులుతారు. మట్టం దిగువ కాలువతో సమానమయ్యాక ముందు తలుపులు తీస్తారు. ధాన్యం బస్తాలు, కొబ్బరికాయలు ఇలాగే వెళ్ళేవి. తలుపు మూసి నీళ్ళని ఆపడం, తాళం వేసి ఇంటిని మూయడం... రెండిట్లోనూ ఉన్నది ఒకటే భావం. ఇది పక్కనే ఉన్నా పిల్లలకి ఎవరూ చూపించరు. బాధ కలగదా?

జుట్టు పాయని కూడా లాక్ అంటారు. అది పుట్టుకతోనే వేరే మాట, పలకడం, స్పెల్లింగ్ మాత్రమే ఒకటి. జుట్టుకి తాళం ఏంటని పిల్లాడు అడిగితే విసుక్కోకండి, అది మంచి ప్రశ్న.

1989లో వచ్చిన ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు రెండో కూర్పులో ‘సెట్’ అనే క్రియకే 430 అర్థాలున్నాయి. వాటికి ఏ పట్టిక సరిపోతుంది? పంపుసెట్టు, సినిమా సెట్టు, సిమెంటు సెట్ అవ్వడం, ‘ఆ ఉద్యోగం నాకు సెట్ కాదు’ అనడం, ఇవన్నీ చదువు రానివాళ్ళు కూడా తడుముకోకుండా వాడుతున్నారు. తెలుగులో మాత్రం? జలుబు పట్టింది, తుప్పు పట్టింది, గంట పట్టింది, చేపలు పట్టారు. వీటి అర్థాలు మనకెవరైనా అప్పజెప్పించారా? మాటల మధ్యలో విని నేర్చుకున్నాం.

టీచర్లకి నా విన్నపం ఒక్కటే. పరీక్షలో ‘అర్థం రాయండి’ అనే ప్రశ్న తీసేయండి. ఒకే మాట ఉన్న మూడు వాక్యాలిచ్చి తేడా చెప్పమనండి. కాలువ దగ్గర్లో బడి ఉంటే ఒక పూట పిల్లల్ని లాకుల దగ్గరికి తీసుకెళ్ళి, ఆ తలుపులు ఎలా పనిచేస్తాయో అక్కడ వాటిని చూసుకునే లస్కరు చేత చెప్పించండి.