డబ్బు కట్టిన అతిథికి ప్రశ్నలుండవు

తిరుపతిలో ఇప్పుడు పాడ్‌కాస్ట్ మొదలుపెట్టడానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. ఒక గది, రెండు మైకులు, రెండు మూడు కెమెరాలు, వెనక గోడ మీద ఒక రంగు లైటు ఉంటే చాలు. ఎదుటి కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టాలన్న దగ్గరే అసలు వ్యాపారం మొదలవుతుంది. కొత్తగా ఆసుపత్రి పెట్టిన డాక్టరు, లేఅవుట్ వేసిన రియల్టరు, కోచింగ్ సెంటర్ డైరెక్టరు, జాతకాలు చూసే పండితుడు మారి మారి వస్తుంటారు. గంటసేపు బాల్యం, కష్టాలు, విజయం, చివర్లో ఫోన్ నంబరు. చూసేవాళ్లు దాన్ని ఇంటర్వ్యూ అనుకుంటారు. ఇలాంటి వాటిలో చాలావాటికి అతిథే డబ్బు కట్టి ఉంటాడు. ఆ ప్యాకేజీలో నాలుగైదు రీల్స్ కూడా కలిసి ఉంటాయి. ఆ సంగతి మాత్రం ఎపిసోడ్‌లో ఎక్కడా వినబడదు.

ప్రకటనల మీద నాకు పగ లేదు. ‘ఈ ఎపిసోడ్‌కు ఫలానా నూనె కంపెనీ డబ్బిచ్చింది’ అని మొదట్లోనే చెప్పి, ఆ ముక్క అయ్యాక తన పని తాను చేసుకునే పాడ్‌కాస్టర్ వల్ల ఎవరికీ నష్టం లేదు. నా అభ్యంతరం వేరే చోట ఉంది. ప్రకటన ఇవ్వొద్దని చట్టం కొందరిని ఆపింది. ఇస్తే ఫలానా వివరాలు చెప్పి తీరాలని ఇంకొందరికి షరతు పెట్టింది. వాళ్లందరికీ ఇంటర్వ్యూ అనే పేరుతో పాడ్‌కాస్టులు దొడ్డిదారి తెరిచాయి.

ఈ పద్ధతి మనం కనిపెట్టింది కాదు. పేరున్న కొన్ని షోలలో కూర్చోవడానికి అతిథులు 50 వేల డాలర్ల దాకా కడుతున్నారని 2022లోనే అమెరికా వార్తా సంస్థ బ్లూమ్‌బర్గ్ రాసింది. 2004 ప్రాంతంలో ఔత్సాహికుల ముచ్చటగా మొదలై, 2005లో యాపిల్ ఐట్యూన్స్‌లో చేరి, 2019లో స్పాటిఫై గిమ్లెట్, యాంకర్ కంపెనీలను కొనేసరికి పాడ్‌కాస్ట్ పెద్ద వ్యాపారమైన కథ అందరికీ తెలిసిందే. తెలుగులోకి వచ్చేసరికి అది ఎక్కువగా యూట్యూబ్ వీడియో అయింది. అక్కడ రహస్యంగా జరిగిన బేరం ఇక్కడికి వచ్చి రేటు కార్డుగా మారింది.

డాక్టరు సంగతే చూద్దాం. భారత వైద్య మండలి 2002 నియమావళి ప్రకారం డాక్టరు నేరుగా గానీ, ఇంకొకరి ద్వారా గానీ రోగులను తన దగ్గరికి పిలుచుకోకూడదు. ప్రాక్టీసు మొదలుపెట్టినప్పుడు, చిరునామా మారినప్పుడు, ఇలాంటి కొన్ని సందర్భాల్లో మాత్రం పత్రికలో తెలియజేయవచ్చు. 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చి అదే నెలలో నిలిపివేశారు కాబట్టి, నడుస్తున్నవి ఆ పాతవే. మధుమేహం, క్యాన్సర్ లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రచారం చేసుకోవడాన్ని 1954 నాటి చట్టం ఎప్పుడో నిషేధించింది. అంటే గాంధీ రోడ్డులో హోర్డింగ్ పెట్టి ‘షుగర్‌ను వేళ్లతో సహా తీసేస్తాం’ అని రాస్తే నేరం. మరి అదే మనిషి గంటసేపు కుర్చీలో కూర్చుని అదే మాట అంటే? ఎదురుగా ఉన్నతను ‘అద్భుతం సార్’ అంటాడు, కింద నంబరు నడుస్తుంటుంది. విన్న మనిషి మర్నాడు మాత్రలు ఆపేస్తాడు.

అక్కడ అడగాల్సిన ప్రశ్నలు ఎంత మామూలువో చూడండి. ఈ చికిత్సకు ఎంతవుతుంది? ఎంతమందికి పనిచేయలేదు? ఇదే జబ్బుకు రుయా, స్విమ్స్ లాంటి ఇక్కడి పెద్దాసుపత్రుల్లో ఏం చేస్తారు? మీ డిగ్రీ ఏ శాఖలో? విలేఖరి ఎవరైనా మొదటి పది నిమిషాల్లో అడిగేస్తాడు. డబ్బు తీసుకున్నవాడు అడగడు, అడిగినా ఎడిటింగ్‌లో పోతుంది. ఎందుకంటే విడుదలకు ముందు వీడియో చూసి సరే అనే హక్కు కూడా అతిథి కొనుక్కుని ఉంటాడు. బయటికి కనబడని ఆ హక్కు దగ్గరే ఇంటర్వ్యూ చచ్చిపోతుంది.

రియల్టరు విషయం ఇంకా తేటగా ఉంది. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం రిజిస్టర్ కావలసిన ప్రాజెక్టును రిజిస్ట్రేషన్ లేకుండా ప్రచారం చేయకూడదు. చేసే ప్రతి ప్రకటనలో రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. పత్రికలో అరపేజీ ప్రకటన వేస్తే చిన్న అక్షరాల్లోనైనా ఆ నంబరు కనబడుతుంది. పాడ్‌కాస్ట్‌లో కూర్చుని ‘రేణిగుంట ఎయిర్‌పోర్టు దారి భవిష్యత్తు మామూలుగా ఉండదన్నా’ అని ఒకరు, ‘మరి మధ్యతరగతి వాళ్లు ఎక్కడ పెట్టాలి సార్?’ అని ఇంకొకరు మాట్లాడుకుంటే నంబరు చెప్పే పనే లేదు. తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ తుడా ఆమోదం ఉందా, ఆ సర్వే నంబరులో చెరువు పోరంబోకు ఏమైనా కలిసిందా అని అడిగే పని అంతకన్నా లేదు. కోచింగ్ సెంటర్లకు కేంద్రం 2024 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చింది. ర్యాంకరు ఫొటో వాడుకుంటే అతను ఏ కోర్సు చదివాడో, ఎన్నాళ్లు చదివాడో చెప్పాలి. ఎంపికయ్యాక అతని రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. డైరెక్టరు ‘నా విజయగాథ’ చెబుతుంటే ఇవేవీ గుర్తుకు రావు.

వినడం వేరు, చదవడం వేరు. పత్రికలో ప్రకటనకు గీత ఉంటుంది, టీవీలో విరామం ఉంటుంది. పాడ్‌కాస్ట్ అలిపిరి మెట్లెక్కుతున్న మనిషి చెవిలో, వంట చేసుకుంటున్న ఆవిడ పక్కన, రాత్రి డ్యూటీ సెక్యూరిటీ గార్డు ఫోన్‌లో వారాల తరబడి మాట్లాడుతుంది. ఆ గొంతు ఇంట్లో మనిషిదైపోతుంది. హోస్టు స్వయంగా చదివే ప్రకటనకు కంపెనీలు ఎక్కువ డబ్బివ్వడానికి ఆ చనువే కారణం. ఆ నమ్మకాన్ని చెప్పాపెట్టకుండా మూడో మనిషికి అమ్మేస్తున్నారు. హోస్టులు తమ కోర్సులు, తమ వర్క్‌షాపులు అమ్ముకునే తీరు కూడా దీనికి అంటుకునే ఉంది. ఈ నెల డబ్బు కట్టి వచ్చిన అతిథి వచ్చే నెల అదే హోస్టు వర్క్‌షాపులో వక్త. వర్క్‌షాపుకు వచ్చిన శ్రోత ఆపై నెల డబ్బు కట్టిన అతిథి. ఒకరినొకరు పొగుడుకుంటూ తిరిగే ఈ వలయంలోకి బయటి ప్రశ్న ఒక్కటీ రాదు.

వీళ్లు మాత్రం ఎలా బతకాలి అని అడిగేవాళ్లున్నారు. న్యాయమైన ప్రశ్నే. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ వచ్చాక గానీ యూట్యూబ్ మామూలు వీడియోల ప్రకటనల ఆదాయంలో వాటా ఇవ్వదు. ఇచ్చే 55 శాతం కూడా తెలుగు వీడియోకు వచ్చే రేటుతో కెమెరామన్ జీతానికి చాలదు. స్టూడియో అద్దె, ఎడిటరు, కరెంటు బిల్లు ఆగవు. ఒప్పుకుంటాను. కానీ డబ్బు తీసుకోవద్దని ఎవరూ అనడం లేదు, తీసుకున్నట్టు చెప్పమంటున్నాం. చెబితే వ్యాపారం పోతుందంటే, ఆ వ్యాపారం అబద్ధం మీద నిలబడిందని ఒప్పుకున్నట్టే.

పైగా చెప్పాలన్న నియమం ఇప్పటికే ఉంది. ప్రకటనల పరిశ్రమ స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కి 2021లోనే స్పష్టంగా రాసింది: ఆడియో అయితే అది ప్రకటన అన్న మాట మొదట్లో, చివర్లో, మధ్యలో వచ్చే ప్రతి విరామానికి ముందూ వెనకా వినబడాలి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన సూచనల ప్రకారం ఆ మాట ప్రచారం ఏ భాషలో ఉందో ఆ భాషలోనే ఉండాలి. తప్పుదోవ పట్టించే ప్రచారానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయొచ్చు. మన దగ్గర జరుగుతున్నదేమిటంటే, మనస్సాక్షి ఉన్న ఒకరిద్దరు కూడా డిస్క్రిప్షన్ అడుగున ఇంగ్లీషులో ఒక ముక్క రాసి ఊరుకుంటున్నారు. ఫోన్ జేబులో పెట్టుకుని వినేవాడు దాన్ని చూసేదెప్పుడు?

ఈ విషయంలో మనకు ఎవరో వచ్చి పాఠం చెప్పక్కర్లేదు. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ల దగ్గర ఎండాకాలంలో జరిగే మహాభారత ఉత్సవాలు చూసినవాళ్లకు తెలుసు. 18 రోజులు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం, చివరి రోజు దుర్యోధన వధ, సాయంత్రం నిప్పుల గుండం. గంటల తరబడి కథ చెప్పి జనాన్ని కదలనివ్వని విద్య ఈ నేల మీద తరాలుగా ఉంది. దానికీ డబ్బు కావాలి. భాగవతారుకు సంభావన ఇవ్వాలి, నాటకం మేళానికి ఇవ్వాలి, లైట్లు, మైకు, పందిరి అన్నీ చూసుకోవాలి. ఆ డబ్బు ఉభయదారులు, అంటే ఒక్కో రోజు ఖర్చు పెట్టుకునే దాతలు ఇస్తారు. ఏ రోజు ఉభయం ఎవరిదో కరపత్రంలో అచ్చవుతుంది, మైకులో చదువుతారు. పేరు, ఊరు, ఇచ్చిన మొత్తం నలుగురి ముందూ వినబడతాయి. చదివించినవాడికి గౌరవం దక్కుతుంది, దండ పడుతుంది. అంతే. ఉభయం ఇచ్చాడని ఆ రోజు కథలో శకుని మంచివాడైపోడు. జూదం ఘట్టం రోజున ఊరి పెద్దే ఉభయదారైనా, నిండు సభలో నోరెత్తని పెద్దల గురించి భాగవతారు చెప్పాల్సింది చెప్పే తీరతాడు, పెద్దమనిషి ముందు వరుసలో కూర్చుని వినాల్సిందే. డబ్బు పేరు బయటికి చెప్పారు కాబట్టే కథ డబ్బుకు లొంగలేదు. ఈ కట్టుబాటు మన స్టూడియోల్లోకి ఎందుకు రాలేదు?

రాకపోవడం వల్ల జరిగిన పెద్ద నష్టం వేరే ఉంది. డబ్బు కట్టినవాళ్లే కుర్చీలో కూర్చుంటే, అమ్మడానికి ఏమీ లేనివాళ్లు మైకు దాకా రారు. 2025 వేసవిలో తోతాపురి మామిడి ధర పడిపోయి చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరాయి. ఫ్యాక్టరీలు కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుందని ప్రకటించారు. ఆ 12 రూపాయల్లో రైతు చేతికి ఎంత వచ్చింది, కోత కూలి, రవాణా పోగా ఏం మిగిలింది, వచ్చే ఏడు చెట్లు ఉంచాలా కొట్టేయాలా అన్నది గంటసేపు కూర్చుని వినాల్సిన కథ. శ్రీకాళహస్తిలో ఇప్పటికీ వెదురు కలంతో కలంకారీ గీసే మనిషి దగ్గర, గంగ జాతరలో వేషం కట్టే కుటుంబం దగ్గర, తిరుచానూరు రోడ్డులో తెల్లారేలోపు పూలు కట్టే ఆడవాళ్ల దగ్గర అలాంటి కథలే ఉన్నాయి. ప్యాకేజీ కొనే స్థోమత మాత్రం వాళ్లకు లేదు.

ఇక్కడ నన్ను కుదురుగా ఉండనివ్వనిది ఒకటుంది. మనం ఇది ఒకసారి చూసేశాం. 2009 ఎన్నికల్లో తెలుగు పత్రికలు, ఛానళ్లు అభ్యర్థుల దగ్గర డబ్బు తీసుకుని వార్తలుగా వేశాయన్న ఆరోపణలు దేశమంతా మోగాయి. పత్రికల తీరును చూసే ప్రెస్ కౌన్సిల్ వేసిన ఇద్దరు సభ్యుల ఉపసంఘంలో పాత్రికేయుడు పరంజయ్ గుహా ఠాకుర్తాతో పాటు మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాసరెడ్డి ఉన్నారు. 2010లో వాళ్లిచ్చిన పూర్తి నివేదికను కౌన్సిల్ వెంటనే బయటపెట్టలేదు, సమాచార కమిషన్ ఆదేశించాక 2011లో గానీ జనానికి అందలేదు. పెయిడ్ న్యూస్ అన్న జబ్బు అప్పుడు పత్రిక కాలమ్‌లో ఉంది. ఇప్పుడు స్నేహపూర్వక సంభాషణ రూపంలో చెవిలోకి వచ్చింది. పత్రికకు కనీసం ఎడిటరు పేరు, ముద్రణ చిరునామా ఉండేవి. పాడ్‌కాస్ట్ స్టూడియోకు అవి కూడా ఉండనక్కర్లేదు.

డాక్టరుకూ రియల్టరుకూ తెరుచుకున్న ఈ దారిలో అభ్యర్థి రాకుండా ఉంటాడా? రెండు గంటల ‘మనసు విప్పిన సంభాషణ’, అందులోంచి ముప్పై రీల్స్, ఖర్చు లెక్కలో సున్నా. సోషల్ మీడియా ప్రచారం కూడా తమ నిబంధనల కిందికే వస్తుందని, ఆ ఖర్చు అభ్యర్థి లెక్కల్లో చూపాలని ఎన్నికల సంఘం 2013 అక్టోబరులోనే చెప్పింది. జిల్లా స్థాయిలో మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీలు ఎన్నికలప్పుడు పత్రికల్లో పెయిడ్ న్యూస్ వెతుకుతాయి. వచ్చే అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికలకు తిరుపతి, చిత్తూరు కమిటీలు పాడ్‌కాస్టులను ఆ జాబితాలో ముందు వరుసలో పెట్టాలి. అభ్యర్థి కూర్చున్న ప్రతి ఎపిసోడ్‌కు స్టూడియో యజమాని నుంచి ఎవరు ఎంత కట్టారో రాతపూర్వకంగా తీసుకోవాలి, ఉచితమంటే స్టూడియో మార్కెట్ రేటు వేసి అభ్యర్థి ఖాతాలో కలపాలి. అప్పటిదాకా డాక్టరో, రియల్టరో డబ్బు కట్టి చెప్పించుకున్న మాట నమ్మి మోసపోయినవాళ్లు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు. అక్కడ తెలుగులో మాట్లాడతారు. ఎపిసోడ్ లింకు దగ్గర పెట్టుకుని చేయండి.